ఆరబెట్టమన్న మాట

బరువు సరిపోయింది. అంబిక కొంప ముంచింది అదే.

సరిపోకపోయి ఉంటే ఆ గురువారమే ఆగిపోయేది. సీసాను పక్కన పెట్టి, తప్పెక్కడ జరిగిందో వెతుక్కునేది. కానీ కుప్పం ఊరి బయట ఆ పరిశోధన కేంద్రంలో ఉన్న మెషీన్‌కు తెలిసిందల్లా అణువును తూచడం ఒక్కటే. ఎంత బరువో చివరి దశాంశం దాకా చెబుతుంది. అది ఎలా మెలిపడి ఉందో, అసలు మెలిపడి ఉందో లేదో చెప్పదు. తాడును ముడేసి తూచినా, విప్పి తూచినా తక్కెడకు ఒకటే కదా. ఏడేళ్లుగా ఆ మెషీన్ ముందు కూర్చున్న మనిషికి ఈ సంగతి తెలియదా అంటే, తెలుసు. పదిమందికి పాఠం చెప్పగలిగినంత బాగా తెలుసు. తెలిసి కూడా బరువు చూసి తృప్తిపడి, మరుసటి రోజు ఉన్నదంతా కోతకు పెట్టేసింది.

కోస్తే రెండయింది. రెండు కాకూడదు.

ఎందుకు కాకూడదో చెప్పాలి. మట్టిలో బతికే ఒక సూక్ష్మజీవి తన అవసరానికి ఒక చిన్న పెప్టైడ్‌ను తయారు చేసుకుంటుంది. పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాలను పూసల్లా వరుసగా గుచ్చిన పోగు. ఈ పోగులో పంతొమ్మిది పూసలు. మొదటి ఎనిమిదీ చుట్టుకుని ఒక కడియం అవుతాయి. మిగిలిన తోక వెనక్కి వంగి, ఆ కడియంలోంచి దూరి అవతలికి వస్తుంది. కడియానికి పైనొకటి, కిందొకటి లావుపాటి పూసలు అడ్డం ఉంటాయి కాబట్టి తోక జారిపోదు. ఎవరూ నేర్పకుండా ఆ జీవి వేసే ఉచ్చు అది. అంబిక చేయాలనుకున్న పని, కడియానికీ తోకకూ మధ్య ఉన్న వంపును ఎంజైముతో కోయడం. కోస్తే కడియం వేరు, తోక వేరు. రెండింటికీ ఏ బంధమూ ఉండదు, అయినా ఒకదాన్నొకటి వదలవు. ఆ పైన తోక రెండు కొసలూ కలిపితే అదీ కడియమవుతుంది. గొలుసులో రెండు లంకెల్లాగా, అతుకూ జిగురూ లేకుండా, ఒకదాంట్లో ఒకటి. అదే ఆమె థీసిస్. పేరు ఎంత పొడుగున్నా లోపల ఉన్నది ఆ రెండు కడియాలే.

తోక కడియంలో ఉంటే, కోసిన తర్వాత కూడా మెషీన్లో ఒకే బరువు కనిపించాలి. శుక్రవారం మధ్యాహ్నం తెర మీద రెండు గీతలు లేచాయి. కడియం బరువు ఒక చోట, తోక బరువు ఇంకో చోట. అంటే కోయకముందే తోక బయటికి జారిపోయి ఉంది. అంబిక మెషీన్‌ను ఆపి, మళ్లీ నడిపింది. మూడుసార్లు నడిపింది. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, ఎదురుగా గోడకు వేలాడుతున్న తాడుముక్కను చూస్తూ ఉండిపోయింది.

ఆ తాడుముక్క వాళ్ల నాన్న చేసిచ్చింది. పుంగనూరులో పశువుల సంతకు వెళ్లే దారిలో నాన్న మునెప్పకు తాళ్ల అంగడి ఉండేది. పలుపులు, ముక్కుతాళ్లు, బండితాళ్లు. కిత్తనార తెచ్చి తడిపి, ఇంట్లోనే పేనేవాళ్లు. పేనిన తాడును ఎండలో వేస్తే నార పెళుసెక్కుతుందని మునెప్ప ఎప్పుడూ వసారాలోనే వేలాడదీసేవాడు. ఎండబెట్టొద్దు, ఆరబెట్టు అని పిల్లలకు వందసార్లు చెప్పి ఉంటాడు. ఆ ఇంట్లో పెరిగిన వాళ్లకు ఆ రెండు మాటలకూ ఉన్న తేడా అన్నం తిన్నంత సహజం. ఎండబెట్టడమంటే వేడి. ఆరబెట్టడమంటే నీడ, గాలి. ఈ సంగతి ఇప్పుడెందుకు అంటారేమో, కాస్త ఓపిక పట్టండి.

ఇన్నేళ్లు కుప్పంలో ఏం చదువుతున్నావమ్మా అని ఆయన ఒకసారి అడిగాడు. అడిగిన వాళ్లు చాలామందే ఉన్నారు గానీ, జవాబు వినడానికి కూర్చున్నది ఆయనొక్కడే. అంబిక చెప్పింది. ఆయన పక్కనున్న తాడు తీసుకుని, ఒక కొసను కడియంగా చుట్టి దబ్బనంతో కుట్టాడు. తోకను అందులోంచి దూర్చి, అటూ ఇటూ లావుగా ముడులేశాడు. తర్వాత కత్తితో వంపును కోసి, కడియాన్ని లాగి చూపించాడు. అది రాలేదు. "ముడి లావుగా ఉన్నంత కాలం యాడికి పోతాదిమ్మా ఇది" అన్నాడు. పరీక్షకులు అడిగితే అంతకంటే బాగా తను కూడా చెప్పలేనని అంబిక అనుకుంది. అప్పటి నుంచి ఆ ముక్క ఆమె బల్ల ఎదురుగా గోడ మీదే ఉంది.

ఆ సూక్ష్మజీవి దొరికింది మదనపల్లె శివారులో, పార్వతమ్మ అనే ఆమె టమోటా చేనులో. ధర పడిపోయిన ఏడాది కోసిన కాయలన్నీ గట్టు పక్కన పారబోస్తే, అవి కుళ్లి మన్నులో కలిసిన చోట అంబిక చెంచాడు మన్ను తీసుకుంది. నాలుగేళ్లు దాన్ని పెంచి, పెప్టైడ్‌ను విడదీసి, తోక కడియంలోనే ఉందని, ఆకారం చూపే మెషీన్లున్న బెంగళూరుకు పంపి నిరూపించుకుంది. ఐదో ఏట దరిద్రం మొదలైంది. వరసగా సెలవులు వచ్చినప్పుడు డీప్ ఫ్రీజర్ ఆగిపోయింది. నాలుగు రోజులు ఎవరూ చూడలేదు. దాచిన గొట్టాల్లో ఉన్నదంతా చచ్చిపోయింది. దాన్ని పెంచే గాజు పళ్లేల మీద బతికున్న కాస్త జీవీ, మళ్లీ మళ్లీ పెంచేసరికి పెప్టైడ్‌ను చేయడమే మానుకుంది. మనుషులు విసిగితే పని మానేస్తారు, అది కూడా అలాగే మానేసింది. మిగిలింది అప్పటికే తీసి పెట్టుకున్న ద్రావణం, ఆరు మిల్లీగ్రాముల సరుకు. ఫిబ్రవరిలో అందులోంచి వెంట్రుకవాసంత తీసి కోసి చూసింది. ఒకే గీత లేచింది. కోసినా విడిపోలేదు. ఆ రోజు అంబిక పుంగనూరు బస్సెక్కి, నాన్నకు మిఠాయి పట్టుకెళ్లింది. మిగతాది మొత్తం కోసి, కొసలు కలిపితే పని పూర్తి.

ఏప్రిల్‌లో మునెప్ప సంత నాడు అంగట్లోనే కూలిపోయాడు. పలమనేరు ఆసుపత్రి దాకా కూడా తీసుకుపోలేకపోయారు. అంబిక కట్టుబట్టలతో వచ్చి, పదకొండో దినం దాకా పుంగనూరులోనే ఉంది.

సోమవారం ఉదయం ఆ రెండు గీతల కాగితం పట్టుకుని గైడ్ రెడ్డెప్ప సార్ గదికి వెళ్లింది. సార్ మంచివాడే. ఎవరి మీదా గొంతు పెంచడు, ఎవరి కోసమూ కుర్చీలోంచి లేవడు. కాగితం చూసి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. నెలాఖరుకు ఆమె రిజిస్ట్రేషన్ గడువు అయిపోతుందని గుర్తు చేశాడు. ఒకసారి పొడిగించారు, ఇంకోసారి మామూలుగా పొడిగించరు. ప్రయోగం విఫలమైందంటే కమిటీ సానుభూతి చూపించి ఫైలు మూసేస్తుంది. తన పొరపాటని రాసుకుంటే అంతకన్నా త్వరగా మూసేస్తుంది. పరిశోధకుడి చేతిలో లేని ప్రమాదమేదైనా జరిగిందని, అందుకు సాక్ష్యముందని చూపిస్తే మాత్రం ఒక సంవత్సరం ఇచ్చే నియమం ఉంది.

"ఏమన్నా జరిగిందేమో ఆలోచించమ్మా. సరుకు అంతకుముందు బాగుండె. ఇప్పుడు బాగలేదు. నడాన ఏదో అయ్యుండాల గదా" అన్నాడు.

అంబిక ఆలోచించింది. ఏమీ తట్టలేదు. ముప్పై నాలుగేళ్ల వయసులో, నాన్న లేని ఇంటికి, పేరు వెనక ఏ అక్షరాలూ లేకుండా వెళ్లి, అన్న నాగరాజు అంగట్లో ముక్కుతాళ్లు లెక్కపెడుతూ కూర్చోవడం మాత్రం కళ్లకు కట్టినట్టు కనిపించింది.

మధ్యాహ్నం సామాన్లు కడిగే గదిలో మునిరత్నమ్మ ఇన్నాళ్లూ ఆ సరుకున్న నీలం మూత సీసాను బ్రష్షుతో రుద్దుతూ ఉంది. మునిరత్నమ్మ అక్కడ కాంట్రాక్టు అటెండరు. యాభై దాటిన మనిషి. అంతకుముందు పాతికేళ్లు కుప్పంలో పట్టుగూళ్ల నుంచి దారం తీసే పని చేసింది. మరిగే నీళ్లలో చేతులు పెట్టీ పెట్టీ వేళ్ల కొసలు తెల్లగా ఉడికిపోయి, వాటి మీద రేఖలు చెరిగిపోయాయి. హాజరు మెషీన్ ఆమె వేలిని ఎన్నడూ గుర్తుపట్టదు. అందుకని ఆమె ఒక్కదానికి మాత్రం పుస్తకంలో సంతకం. పరిశోధకులందరూ అక్కా అంటారు. అంబిక పస్తున్న రోజుల్లో తన క్యారియర్ లోంచి సంగటి ముద్ద తీసి పెట్టింది కూడా ఈ అక్కే.

సీసా అడుగున ఇంకా మరక పోవడం లేదని మునిరత్నమ్మ మాటల్లో మాటగా చెప్పింది.

"ఆ పొద్దు నేను ఆరబెట్టినప్పుడే అడుగుకు అంటుకుండె గదమ్మా. గూళ్లకు పెట్టేంత వేడి కూడా పెట్టలేదు. కొంచిం తక్కువే పెట్టినాను, సీసా పగులుతాదేమో అని."

అంబిక చేతిలో ఉన్న కాగితాలను బల్ల మీద పెట్టింది. ఏ వేడి అక్కా అని అడిగింది.

మునిరత్నమ్మ మూలనున్న ఓవెన్‌ను చూపించింది. కడిగిన గాజు సామాన్లను ఆరేసే ఓవెన్ అది. రాత్రంతా పెట్టి పొద్దున తీశానంది. ఆమె ముఖంలో కొంచెం గర్వం కూడా ఉంది, అడగ్గానే చేసిన పని కాబట్టి.

అప్పుడు గుర్తొచ్చింది. నాన్న పోయిన మూడో రోజు. ద్రావణం అలాగే వదిలేస్తే పాడైపోతుందని భయం. ఇల్లంతా ఏడుపులు, వసారాలో బంధువులు. అంబిక పెరట్లోకి వెళ్లి కుప్పానికి ఫోన్ చేసింది. ల్యాబ్‌లో ఒక మెషీన్ ఉంది, సరుకును గడ్డకట్టించి, వేడి సోకకుండానే తేమంతా లాగేస్తుంది. ఆ పనికి కాగితాల మీద రాసే పేరు ఫ్రీజ్ డ్రై, పరిశోధకులు ఆ మెషీన్‌ను లయో అంటారు. లయోలో పెట్టు అక్కా అని ఉంటే సరిపోయేది. ఆ మాట మునిరత్నమ్మకు తెలుసు, ఎన్నోసార్లు పెట్టింది. కానీ ఆ పూట అంబిక నోట్లోకి ల్యాబ్ మాట రాలేదు. చచ్చిపోయిన తండ్రి ఇంటి మాట వచ్చింది. "అక్కా, ఫ్రిజ్‌లో నీలం మూత సీసా ఉండాది సూడు. అది తీసి ఆరబెట్టెయ్" అంది. ఎండబెట్టు అనలేదు. జాగ్రత్తపడే అనలేదు.

మునిరత్నమ్మ ఇంట్లో కూడా గూళ్లను ఎండబెట్టరు. ఎండ తగిలితే దారం తెగుతుంది. లోపలి పురుగు చచ్చేలాగా, గూడు చెడకుండా, వేడిగదిలో పెడతారు. దానికి వాళ్లు తరతరాలుగా అనే మాట, ఆరబెట్టడం. ఇద్దరూ తెలుగువాళ్లే, ఇద్దరూ ఒక జిల్లా యాస మాట్లాడేవాళ్లే. ఒకరి ఇంట్లో ఆ మాటకు నీడ, ఇంకొకరి ఇంట్లో నిప్పు. ఆ వేడికి ఉచ్చు సడలి, లావుపాటి పూసలు కడియాన్ని దాటి, తోక జారిపోయింది. ఒక్క పరమాణువు కూడా తగ్గలేదు కాబట్టి బరువు సరిపోయింది.

ఇంకో సంగతి కూడా అంబికకు ఆ క్షణాన గుర్తొచ్చింది, అది గుర్తు రాకుండా ఉంటే బాగుండేది. లయోలోంచి తీసిన సరుకు దూదిపింజలా ఉంటుంది. పుంగనూరు నుంచి తిరిగొచ్చి సీసా మూత తీసినప్పుడు, అడుగున గంజి ఎండినట్టు పొర కట్టి ఉంది. చూసింది. ఇదేంటి ఇలా ఉంది అని ఒక్క క్షణం అనుకుంది కూడా. గడువు ముంచుకొస్తోంది, బరువు సరిపోయింది, ముందుకు పోయింది.

ఏమైందమ్మా అని మునిరత్నమ్మ అడిగింది. ఏం లేదక్కా అని అంబిక బయటికొచ్చేసింది.

మరునాడు మదనపల్లె వెళ్లింది. ఆ జీవి మళ్లీ దొరికితే ఈ గొడవంతా ఎందుకు అనుకుని, పొద్దున్నే బస్సెక్కి, పలమనేరులో మారి, పుంగనూరు మీదుగా పోతూ కూడా ఇంట్లో దిగలేదు. దిగితే అమ్మ ముఖం చూడాలి. చేను దగ్గరికి చేరితే చేను లేదు. ఎర్రగా కంకర పరిచి, రోలరు తొక్కించి, వరసగా ఇళ్ల ప్లాట్లకు తెల్ల రాళ్లు పాతారు. పార్వతమ్మ రోడ్డు పక్కనున్న ఇంట్లోనే ఉంది. మన్ను కావాలంటే నవ్వింది.

"మన్ను యాడుండాది తల్లీ. పైమన్నంతా ఎత్తకపోయి ఇటుకల బట్టీకి పోసినారు. వాళ్లకు అడుగు జాగా కావల్ల, మన్ను కాదు."

అంబిక అరుగు మీద కూలబడింది. పార్వతమ్మ మజ్జిగ ఇచ్చి, పాపం అనుకుందో ఏమో, ఇంటి వెనక్కి పిలిచింది. అక్కడ పాత పెయింటు డబ్బాలో కరివేపాకు మొక్క ఉంది. రాళ్లు పాతక ముందు ఆ గట్టు మన్నే డబ్బాకెత్తి పెట్టుకుందట. అంబిక మోకాళ్ల మీద కూర్చుని, వేళ్లతో తవ్వి రెండు సంచుల నిండా మన్ను తీసుకుంది. ఆ మన్నులో అది ఉండొచ్చు. ఉంటే వెతికి పట్టుకుని, పెంచి, మళ్లీ ఆరు మిల్లీగ్రాములు చేయడానికి ఒక ఏడాది పడుతుంది. ఏడాది కావాలి. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆ సంచులను ఒళ్లో పెట్టుకుని, అంబిక ఒకే లెక్క వేసుకుంటూ కూర్చుంది. ఏడాది కావాలి.

అక్కడి నుంచి జరిగింది చెప్పడానికి నాకే నోరు రావడం లేదు. కానీ చెప్పాలి.

బుధవారం సార్‌తో ఓవెన్ సంగతి చెప్పింది. సార్ కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఇది పనికొస్తుంది, రాసుకురా అన్నాడు. అటెండరు సంతకం కూడా కావాలి, సాక్ష్యం అంటే అదే అన్నాడు. అంబిక ఇంగ్లీషులో అర పేజీ ఉత్తరం రాసింది. తారీఖులు, సీసా గుర్తు, ఓవెన్ వేడి, అన్నీ నిజాలే. ఒక వాక్యం దగ్గర చెయ్యి ఆగింది. ఫోన్లో ఏం చెప్పింది? ఆరబెట్టమంది. దాన్ని ఇంగ్లీషులో ఏమని రాయాలి? ఉత్త డ్రై అని రాస్తే తప్పు తనదవుతుంది, ఫైలు మూసేస్తారు. తన మనసులో ఉన్నదైతే లయోనే కదా. ఆ దేవుడి సాక్షిగా లయోనే. ఫ్రీజ్ డ్రై చేయమని స్పష్టంగా చెప్పాను అని రాసింది. స్పష్టంగా అన్న మాటను తర్వాత చేర్చింది. గంజి పొర సంగతి రాయనే లేదు.

ఇలాంటప్పుడు మనిషి తనకు తాను ఎంత బాగా సర్దిచెప్పుకుంటాడో చూడండి. అక్కను తీసేయమని ఎవరు రాశారు, అనుకుంది. పొరపాటే కదా, మందలిస్తారు, అనుకుంది. ఏడాదిలో పని అయిపోతే థీసిస్ ముందు పేజీలో అక్క పేరు వేస్తాను, అని కూడా అనుకుంది.

సార్ గదికి పిలిస్తే మునిరత్నమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. తెలుగు చదువుతుంది గానీ ఇంగ్లీషు రాదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, ఇందులో ఏముందో చదివి సెప్పమ్మా అంది. సరుకు పాడైందని అప్పటికే విని, రెండు రోజులుగా ఆమె ముఖం పీక్కుపోయి ఉంది. సార్ కిటికీ వైపు తిరిగాడు.

అంబిక ఉత్తరాన్ని తెలుగులో చదివింది. ఆ వాక్యం దగ్గరికొచ్చేసరికి గొంతు తడబడలేదు, అదే ఆశ్చర్యం. "ఫ్రిజ్‌లోది తీసి ఆరబెట్టమని సెప్పినాను అని రాసినానక్కా. నువ్వు ఓవెన్లో పెట్టినావని రాసినాను."

"అంతే గదా. నిజమే గదమ్మా, రాయల్ల" అంది మునిరత్నమ్మ. పెన్ను తీసుకుని, బల్ల మీదికి వంగి, ఒక్కో అక్షరాన్ని కూడబలుక్కుంటూ తన పేరంతా రాసింది. "నీకు మంచి జరిగితే సాలు. మీ నాయన పోయినప్పుడు నువ్వు ఫోన్లో అట్ల ఏడుస్తాంటే, నా సేతనైంది ఇదొకటే అనుకొని సేసినాను. అదే ఇట్లయిపాయ."

నెలాఖరుకు రెండు ఉత్తర్వులు ఒకే రోజు వచ్చాయి. అంబికకు ఏడాది పొడిగింపు. మునిరత్నమ్మ కాంట్రాక్టు రద్దు, కారణం, స్పష్టమైన ఆదేశాలను పాటించకపోవడం. ఆ స్పష్టం అన్న మాట ఉత్తర్వులో చూసి అంబిక బాత్రూములోకి వెళ్లి తలుపేసుకుంది. బయటికొచ్చేసరికి మునిరత్నమ్మ తాళాలు అప్పగించి వెళ్లిపోయింది.

డబ్బా మన్నును నూట నలభై పళ్లేల మీద పరిచింది అంబిక. మే, జూన్, జూలై. తెల్లవి, బూడిద రంగువి, గులాబీవి, రకరకాల జీవులు మొలిచాయి. ఒక్కొక్కదాన్నీ విడదీసి పెంచి, మెషీన్లో పెట్టి, ఆ బరువు కోసం చూసింది. ఎక్కడా లేదు. పార్వతమ్మకు ఫోన్ చేస్తే, మొక్కకు పురుగు పట్టిందని రెండేళ్లుగా డబ్బాలో మందు పోస్తున్నానని చెప్పింది. ఆ రోజు అంబిక గోడ మీది తాడుముక్కను తీసి సొరుగులో వేసింది. నాన్న వేసిన ముడి అలాగే ఉంది, కడియం అలాగే ఉంది. దాన్ని చూడ్డానికి తనకే ముఖం చెల్లలేదు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం కుప్పంలో మునిరత్నమ్మ పనిచేసే చోటికి వెళ్లింది. పాతికేళ్లు చేసిన పనికే మళ్లీ చేరిందామె. రేకుల షెడ్డు, ఆవిరి, చచ్చిన పురుగుల వాసన. వరసగా వేడినీళ్ల తొట్లు. మునిరత్నమ్మ ఒక తొట్టి ముందు కూర్చుని, మరుగుతున్న గూళ్లలో చెయ్యి పెట్టి దారం కొసలు వెతుకుతోంది. అంబిక చెప్పేద్దామనే వచ్చింది. దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. అక్కా, కాగితంలో అబద్ధం రాశాను. ఇంతే. నాలుగు మాటలు.

మునిరత్నమ్మ ఆమెను చూసి, పక్కనున్న పీట జరిపింది. మన్నులో దొరికిందా అని ముందు అదే అడిగింది. లేదక్కా అంది అంబిక. అయ్యో అని మునిరత్నమ్మ నాలుక చప్పరించింది. తర్వాత తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని, అంది.

"ఒక మాట అడగాలని ఉండ్యా. ఆర్డరు ఎనకాల నీ కాయితం నకలు గూడా పెట్టినారు, మా అల్లుడు భరత్ అది చదివినాడు. దాంట్లో ఫ్రీజ్ డ్రై అని ఉండాది, ఆయమ్మ నీకు సెప్పిందొకటి, రాసిందొకటి అని అన్నాడు. నేను వానితో తగువు పెట్టుకున్నా. ఫ్రిజ్‌లోంచి తీసి ఆరబెట్టమనింది, దాన్నే ఇంగ్లీషులో అట్ల రాస్తారు, అంబికమ్మ అబద్ధం రాసే మనిషి కాదు అని. అప్పుట్నుంచి వాడు మా గడప తొక్కలేదు." ఆమె అంబిక ముఖంలోకి చూసింది. చూపులో అనుమానం లేదు, కొంచెం భయం ఉంది. "ఫ్రీజ్ డ్రై అంటే అదే గదమ్మా? ఫ్రిజ్‌లోది ఆరబెట్టడమే గదా?"

తొట్టిలో నీళ్లు మరుగుతున్నాయి. అంబిక ఆ వేళ్లను చూసింది.

"అదేనక్కా" అంది.

మునిరత్నమ్మ గుండెల నిండా గాలి పీల్చుకుని వదిలింది. నాకు తెలుసు గదా అంది. ఈసారి వాడొస్తే సెప్తాను అంది. తర్వాత మళ్లీ నీళ్లలో చెయ్యి పెట్టి, ఒక గూడును పైకి తేల్చి, కొస దొరికేదాకా దాన్ని తిప్పుతూ ఉంది.